పాత ఇల్లు కొనే ముందు నీళ్ళ దారి పట్టుకుని చూడండి

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గుమ్మం ఏ ముఖం, హాలు ఎంత పెద్దది, వంటగది ఏ మూల ఉంది అన్నవే ముందు కంటికి ఆనతాయి. అవి దాచినా దాగవు. కొన్నాక లక్షల్లో ఖర్చు పెట్టించే లోపాలు మాత్రం వెతికితేనే బయటపడతాయి. వాటిలో చాలావాటికి మూలం నీరు. స్లాబులోకి దిగిన వాన నీరు ఊచల్ని తుప్పు పట్టిస్తుంది. బాత్రూమ్ అడుగున నిలిచిన నీరు పక్క గది గోడని నానబెడుతుంది. పునాది పక్కన కారే నీరు మట్టిని కుంగదీస్తుంది. అందుకే గదుల వరసలో కాకుండా నీళ్ళు నడిచే వరసలో ఇల్లు చూడమంటాం: డాబా మీద మొదలుపెట్టి, గోడల వెంట దిగి, బాత్రూముల మీదుగా వీధి మ్యాన్‌హోల్ దాకా. పదేళ్ళు దాటిన ఇండిపెండెంట్ ఇళ్ళకి ఇది మరీ ముఖ్యం. రీసేల్ ఫ్లాటుకీ చాలా భాగం వర్తిస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

ఒక్కసారి చూసి అడ్వాన్సు ఇవ్వకండి. ఒకసారి పట్టపగలు గంటన్నర తీరికతో, ఇంకోసారి గట్టి వాన పడిన మర్నాడు వెళ్ళాలి. ఎండాకాలంలో కొంటుంటే వాన కోసం ఆగలేరు కాబట్టి పాత మరకల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. ఆ కాలంలో ఒక మేలు కూడా ఉంది: బోరు సత్తా మే నెలలోనే తేలుతుంది. వీలైతే రాత్రి ఎనిమిదింటికి ఆ వీధిలో ఒకసారి నడవండి. పార్కింగు తగాదాలు, వీధి దీపాలు, పక్కనున్న ఫంక్షన్ హాలు మోత పగలు తెలియవు.

30 మీటర్ల టేపు, టార్చిలైటు, చిన్న స్క్రూడ్రైవరు, ఒక గోలీ, త్రీపిన్ సాకెట్ టెస్టరు, నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు, పనికిరాని పాత ఏటీఎం కార్డు చాలు. వీటితోపాటు సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు), మంజూరైన ప్లాను, తాజా కరెంటు బిల్లు జిరాక్సులు ముందే అడిగి తీసుకోండి. అడ్వాన్సు ఇచ్చాకే కాగితాలు చూపిస్తామనే చోట ఇల్లు చూడటం కూడా దండగే.

ముందు డాబా ఎక్కండి

డాబా మీద ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి. నీరు ఎక్కడా ఆగకుండా తూము వైపు వెళ్ళాలి. పది అడుగులకి అంగుళంపావు వాటం ఉంటే చాలు. నీళ్ళు పోయనివ్వకపోతే నల్లగా ఎండిన నాచు వలయాలు వెతకండి. వాన నీరు నిలిచే చోట అవి తప్పకుండా ఉంటాయి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల సిమెంటుతో గుండ్రంగా నింపి ఉండాలి. అక్కడ సన్నటి గీత విడిపోయి ఉంటే కింది గదిలో అదే గోడ పైభాగం చెమ్మగా ఉంటుంది, దిగాక సరిచూసుకోండి. పిట్టగోడ సందులో రావి మొక్క మొలిచి ఉంటే దాన్ని పీకేస్తే పోతుందనుకోకండి. వేరు లోపలికి వెళ్ళిన చోట ప్లాస్టరింగ్ కొట్టి మళ్ళీ చేయించాల్సిందే.

మన ఊళ్ళలో దాదాపు ప్రతి డాబా మీదా రేపెప్పుడో పై అంతస్తు వేద్దామని వదిలిన పిల్లరు ఊచలు కనిపిస్తాయి. వాటిని దగ్గరికి వెళ్ళి చూడండి. ఊచలకి సిమెంటు పాలు పూసో, పలచటి కాంక్రీటులో కప్పేసో ఉంచితే మంచిది. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ వదిలేస్తే పొరలు పొరలుగా రాలతాయి. ఆ తుప్పు పైకి కనిపించే ముక్కతో ఆగదు, ఊచ వెంట నీరు పిల్లరు తలలోకి దిగుతుంది. ఊచ మొదట్లో స్లాబు మీద ఎర్రటి మరక, చుట్టూ పగులు ఉంటే పై అంతస్తు ఆశ మీద ఎక్కువ ధర పెట్టకండి. "పునాది మూడంతస్తులకి వేశాం" అనే మాటకి స్ట్రక్చరల్ డ్రాయింగు తప్ప వేరే సాక్ష్యం లేదు.

డాబాకి కొత్తగా తెల్ల పెయింటో, వాటర్‌ప్రూఫ్ కోటింగో వేసి ఉంటే ఎప్పుడు వేయించారో, ఎందుకు వేయించారో అడగండి. చల్లదనం కోసం అంటే సరే. కారుతుంటే వేయించామంటే ఏ గదిలో కారిందో అడిగి ఆ గది పైకప్పు టార్చి వేసి చూడాలి.

పైకప్పు కింద

పై అంతస్తు గదుల పైకప్పులో గోధుమరంగు వలయాలు ఉంటే అక్కడ నీరు దిగి ఆరిందన్నమాట. ఒకే చోట రెండు మూడు వలయాలు ఒకదాని మీద ఒకటి ఉంటే ఏటేటా కారుతున్నట్టు. ఫాల్స్ సీలింగ్ ఉన్న గదులు ఇబ్బంది పెడతాయి. ఒక లైటు ఫిట్టింగు దించి ఆ కన్నంలోంచి టార్చి వేసి, ఫోను కెమెరాతో లోపలి స్లాబు ఫొటో తీయండి. దానికి కూడా ఒప్పుకోని యజమాని ఏదో దాస్తున్నాడనే అనుకోవచ్చు.

అసలు భయపడాల్సింది మరకకి కాదు, తిన్నటి పగులుకి. ఊచ తుప్పు పడితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి దాన్ని కప్పిన కాంక్రీటు పగులుతుంది. అందుకే ఆ పగులు వంకరటింకరగా కాకుండా ఊచ ఉన్న దారినే గీసినట్టు సాగుతుంది. స్లాబులో ఊచ మీద కనీసం 20 మిల్లీమీటర్లు, పిల్లరులో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు ఉండాలి. పాత ఇళ్ళలో ఊచల్ని ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా కంకర రాళ్ళ మీదే ఊచలు ఆనించి పోసేవారు కాబట్టి ఈ మందం చాలాచోట్ల ఉండదు. కర్రతో పైకప్పు తట్టండి. గుల్ల చప్పుడు వస్తే పెచ్చు విడిపోయి ఉంది, ఇవాళ కాకపోతే రేపు రాలుతుంది. ఒక చోట చదరపు అడుగు మేర అయితే రిపేరు చేయించుకోవచ్చు. బీములు, పిల్లర్లు, బాల్కనీ స్లాబు కూడా ఇలాగే ఉంటే ఆ ఇల్లు స్థలం ధరకే బేరమాడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఈ జబ్బు తొందరగా వస్తుంది. అక్కడ పదిహేనేళ్ళు దాటిన ఇంటికి ఇంజినీరుని తీసుకెళ్ళకుండా మాట ఇవ్వకండి.

గోడ మీద చెమ్మ ఏ ఎత్తులో ఉంది?

చెమ్మ ఉన్న ఎత్తే దాని మూలం చెబుతుంది. నేల నుంచి మూడడుగుల లోపు వరసగా ఉంటే పునాదిలోంచి పైకి ఎక్కుతోంది. పైకప్పుకి ఆనుకుని ఉంటే డాబాదో, పిట్టగోడదో. కిటికీ కింద మూలల్లో ఉంటే సజ్జ మీదో, కిటికీ గట్టు మీదో నీరు నిలుస్తోంది. గోడ మధ్యలో ఒక మచ్చలా ఉంటే వెనక పైపు కారుతోంది. వీటిలో పైపుది సులువు, డాబాది నడిమి రకం. పునాదిలోంచి ఎక్కే చెమ్మ మాత్రం మొండిది, పూర్తిగా పోగొట్టడం కష్టం.

కొత్త రంగులు చూసి మురిసిపోకండి. రంగులు వేసిన గోడకి టార్చిని ఆనించి, గోడ పొడవునా వెలుతురు పారేలా పట్టుకోండి. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న గోడ మీద ఉబ్బులు, పుట్టీ అతుకులు, లోపల సౌడు పట్టి పైకి పొంగిన చోట్లు నీడలతో బయటపడతాయి. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్తది వేసినా, గోడ కింది మూడడుగులకి మాత్రమే టైల్సో ప్లాస్టిక్ ప్యానెళ్ళో అంటించినా వెనక ఏముందో అడగాలి. గోడకి ఆనించిన బీరువా పక్కకి జరిపించి చూడటానికి మొహమాటపడకండి.

పగుళ్ళన్నీ ప్రమాదం కాదు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి గీతలు సిమెంటు ఆరేటప్పుడు వచ్చేవే. బీము కింద గోడ పొడవునా అడ్డంగా ఉన్న గీత ఇటుక, కాంక్రీటు వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల వస్తుంది. ఇనుప జాలీ వేసి పూయిస్తే సరిపోతుంది. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, ఇటుకల వెంట మెట్లలా సాగే పగులే పునాది కుంగిందని చెప్పేది. ఏటీఎం కార్డు మందం సుమారు ముప్పావు మిల్లీమీటరు. కార్డు అంచు పగులులో దూరితే, అదే పగులు గోడ అవతల వైపు కూడా ఉంటే, ఇంజినీరుకి చూపించాలి. గోలీని నేల మీద వదిలి ఎటు దొర్లుతుందో చూడండి. పగులు ఉన్న గోడ వైపే రెండు గదుల్లోనూ దొర్లితే అనుమానం బలపడుతుంది. అటువైపు తలుపులు కూడా పట్టేస్తుంటాయి.

నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంగుతుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఈ నేల మీద లోతు పునాది లేకుండా కట్టిన ఇళ్ళలో పగుళ్ళు ఏటా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అక్కడ పునాది ఎంత లోతు తీశారు, ప్లింత్ బీము (పునాది మీద గోడల కింద వేసే బీము) వేశారా అని అడగడం తప్పనిసరి.

ఇక్కడే వాస్తు మార్పుల గురించి కూడా చెప్పాలి. పాత ఇళ్ళలో గుమ్మం మార్చడం, మెట్లు పడగొట్టడం, ఈశాన్యం మూలకి గోడ పెంచడం మామూలు. పిల్లర్లున్న ఇంట్లో ఇటుక గోడ తీస్తే పెద్ద నష్టం లేదు. పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల గోడల మీదే స్లాబు నిలబెట్టిన ఇంట్లో గోడ తీసి బీము వేయకపోతే స్లాబు వంగుతుంది. ప్లానులో ఉన్న గోడ ఇంట్లో లేకపోతే ఆ చోట పైకప్పు వంక తిన్నగా చూడండి. ఈశాన్యంలో సంపు తవ్వి ఉంటే, పునాదికి ఎంత దూరంలో ఉందో కొలవండి. పిల్లరు పక్కనే ఉన్న సంపు కారితే కింద మట్టి మెత్తబడుతుంది. సంపు నిండా నీరు పెట్టించి, వాడకుండా రాత్రంతా ఉంచి, పొద్దున మట్టం చూడమని యజమానిని అడగొచ్చు.

బాత్రూములు

ఒక ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ సమయం గడపాల్సిన చోటు ఇదే. బాత్రూమ్ స్లాబుని కిందికి దించి, ఆ గుంటలో పైపులు వేసి, ఇటుక ముక్కలు నింపి పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచి, ట్రాపు (వాసన పైకి రాకుండా నీరు నిలిపే వంపు) చుట్టూ దిగిన నీరు ఆ గుంటలో చేరి, బయటికి దారి లేక నెలల తరబడి నిలుస్తుంది. అది బాత్రూములో కనిపించదు. అవతల బెడ్‌రూమ్ గోడ అడుగున, స్కర్టింగ్ టైల్సు పైన రంగు పొరలు లేచి కనిపిస్తుంది. కాబట్టి ముందు బాత్రూమ్ చుట్టుపక్కల గోడలు, కింది అంతస్తు పైకప్పు చూసి ఆ తర్వాతే లోపలికి వెళ్ళండి.

లోపల కుళాయిలన్నీ పది నిమిషాలు తిప్పి వదిలి, ఫ్లష్ రెండుసార్లు నొక్కి, వెంటనే కింది అంతస్తుకి దిగి అదే చోట పైకప్పు చూడండి. నేల మీద ఒక మగ్గు నీళ్ళు పోస్తే జాలీ వైపు వెళ్ళాలి, గుమ్మం వైపు రాకూడదు. టైల్సుని స్క్రూడ్రైవరు పిడితో తట్టితే గుల్లగా మోగేవి ఎన్నో లెక్కపెట్టుకోండి. జాలీ దగ్గర వాసన వస్తుంటే ట్రాపులో నీటి మట్టం నిలవట్లేదు, లేదా అసలు ట్రాపే పెట్టలేదు. వాడని బాత్రూమైతే నీళ్ళు పోసి పావుగంట ఆగి మళ్ళీ చూడండి. అప్పటికీ వాసన పోకపోతే నేల తవ్వాల్సిన పనే.

షవరు విషయంలో చాలామంది కొన్నాక బాధపడతారు. ట్యాంకు అడుగు షవరుకి పదడుగుల ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. పెద్ద రెయిన్ షవరుకి అది చాలదు, ప్రెషర్ పంపు పెట్టుకోవాలి. పైన ఉన్న బాత్రూములో 15 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండితే రోజువారీ వాడకానికి ఇబ్బంది ఉండదు. ఐదు నిమిషాలు పడితే పాత జీఐ (ఇనుప) పైపులు లోపల తుప్పుతో పూడుకుపోయాయేమో చూడాలి. కుళాయి తిప్పగానే ముందు ఎర్రటి నీళ్ళు వస్తే అదే కారణం.

నీళ్ళు ఎక్కడివి?

మున్సిపల్ కనెక్షన్ ఉందంటే బిల్లు చూపించమనండి, ఎన్ని రోజులకోసారి వస్తాయో పక్కింటివాళ్ళని అడగండి. బోరు ఎంత లోతు, ఏ సంవత్సరంలో వేశారు, మోటారు ఎన్ని అడుగుల దగ్గర దించారు, మే నెలలో ఎంతసేపు పోస్తుంది అన్న నాలుగూ కావాలి. హైదరాబాద్ లాంటి గ్రానైటు నేలల్లో నీరు రాతి పగుళ్ళలోనే ఉంటుంది కాబట్టి పక్కింటి బోరు బాగా పోస్తుందన్న మాట మన బోరుకి భరోసా కాదు. ఎండాకాలంలో నెలకి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారని వీధిలో ఇద్దరిని అడిగితే నిజం తెలుస్తుంది.

టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. వేరే నీటి వసతి లేనిచోట 2000 దాకా భారతీయ ప్రమాణాలు ఒప్పుకుంటాయి, కానీ అంత ఉప్పుతో గీజరు, కుళాయిలు తొందరగా పాడవుతాయి. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. నల్గొండ వైపు, అలాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కొంటుంటే నీటి నమూనా ల్యాబుకి ఇవ్వాలి. 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మేలు, 1.5 దాటకూడదు.

వీధి, వరద

రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే వేయడం వల్ల ఎన్నో కాలనీల్లో ఇళ్ళు రోడ్డుకంటే కిందికి పోయాయి. రోడ్డు మధ్య ఎత్తు నుంచి ఇంటి బేస్‌మెంట్ (గచ్చు మట్టం) ఎంత పైన ఉందో కొలవండి. అడుగున్నర లోపు ఉంటే పెద్ద వానకి నీరు ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. వీధి గోడల మీద ఒకే ఎత్తులో సాగిన మరక, గేటు అడుగున తుప్పు, గుమ్మాలకి కొత్తగా కట్టిన సిమెంటు గట్లు, ఇన్వర్టరు, మోటారు స్టార్టరు మనిషి ఛాతీ ఎత్తుకి ఎక్కించి ఉండటం వరద వచ్చిపోయిన గుర్తులు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కాలనీల్లో ఇప్పుడు మరకలు రంగుల కింద ఉన్నాయి. వీధి చివరి కిరాణా కొట్టు ఆయన్నో, ఇస్త్రీ బండి ఆయన్నో "ఎంతవరకు వచ్చాయి నీళ్ళు?" అని అడగండి. వచ్చాయా అని అడిగితే లేదంటారేమో గానీ, ఎంతవరకు అంటే చేత్తో కొలత చూపిస్తారు.

హైదరాబాద్ పరిసరాల్లో చెరువు దగ్గరుంటే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు, చూడాలి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని చోటు. అందులో ఉన్న ఇల్లు రిజిస్టరై ఉన్నా, పన్ను కడుతున్నా, కూల్చివేత భయం పోదు. 2024లో చెరువుల ఆక్రమణల్ని తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఇది ఇంకా ముఖ్యమైంది.

వీధి మ్యాన్‌హోల్ కంటే ఇంటి ఆఖరి చాంబరు పైన ఉండాలి. చాంబరు మూత తీయించి, పై బాత్రూములో ఫ్లష్ నొక్కమనండి. నీరు ఒక్కసారిగా వచ్చి వెళ్ళిపోతే మంచిది. నిండి మెల్లగా దిగితే పైపు మూసుకుపోయింది, లేదా వాటం లేదు.

కరెంటు, చెదలు

మీటరు బోర్డు దగ్గర ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా, దాని మీద 30 ఎంఏ అని ఉందా చూసి, టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి. సాకెట్ టెస్టరుని ప్రతి గదిలో పెట్టి చూస్తే ఎర్త్ లేని పాయింట్లు దొరికిపోతాయి. వంటగది, గీజరు, వాషింగ్ మెషీన్ పాయింట్లు వదలకండి. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్) మీద 32 ఆంపియర్లని ఉండి దాని వెనక 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉంటే, ఎంసీబీ పడేలోగా వైరు కాలుతుంది. తరచూ పడుతోందని పెద్ద ఎంసీబీ వేసేసిన ఇళ్ళు బోలెడు. గీజరుకి 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బిల్లు మీద పేరు, లోడు, కేటగిరీ సేల్ డీడుతో, వాడకంతో కలవాలి.

ద్వారబంధాల అడుగు భాగాన్ని స్క్రూడ్రైవరుతో పొడవండి. దిగిపోతే చెదలు తిన్నట్టే. వంటగది సింకు కింద, అటక మీద, కప్‌బోర్డుల వెనక మట్టి గీతలు వెతకండి.

టేపు పట్టి కాగితం కలపండి

నాలుగు వైపులా కొలిచి డాక్యుమెంటులోని కొలతలతో సరిచూడండి. 30 అడుగులు, 45 అడుగుల స్థలమంటే 1350 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 150 గజాలు. కొలిస్తే 45కి బదులు 44 అడుగులే వస్తే మూడు గజాలకు పైగా ఎటుపోయాయో తేలాలి. తరచుగా అది రోడ్డులోనో, పక్కవాళ్ళ గోడ కిందో ఉంటుంది. నాలుగు హద్దుల్లో రాసిన పేర్లు ఇప్పుడున్న ఇళ్ళకి అన్వయించుకోండి. ప్లానులో జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒకటి) ఉండి, పైన పెంట్‌హౌస్ ఉంటే ఆ భాగానికి అనుమతి కాగితం విడిగా చూపాలి. ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ 30 ఏళ్ళకి తీయండి. స్థలం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) లేదని కూడా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకోండి. మిగతా కాగితాలు లాయరు పని.

ఫ్లాటుకైతే గోడ నుంచి గోడకి లోపలి కొలత తీయండి. 1200 చదరపు అడుగులని చెప్పింది లోపల 840 వస్తే, మీరు వాడుకునేది డెబ్బై శాతం. ధరని ఆ 840తో భాగించి పక్క ఫ్లాట్లతో పోల్చండి. డీడులో స్థలం మీద మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో, పార్కింగు నంబరు రాసి ఉందో లేదో చూడాలి. పై ఫ్లాటు వాళ్ళ బాత్రూమ్ మీ మీద కారుతోందా, మీది కింది వాళ్ళ మీద కారుతోందా అన్నది ఆ రెండు తలుపులూ తట్టి అడగడమే సరైన దారి. బిల్డరు స్వాధీనం ఇచ్చి ఐదేళ్ళు దాటకపోతే, రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద నిర్మాణ లోపాలు సొంత ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాల్సిన బాధ్యత బిల్డరుదే. మధ్యలో కొన్నవారికీ ఈ హక్కు ఉంటుంది.

బేరానికి కూర్చునే ముందు

కనిపించిన లోపాలకి మేస్త్రితో, ప్లంబరుతో విడివిడిగా అంచనా వేయించి ఆ కాగితం బేరానికి తీసుకెళ్ళండి. "ఇల్లు పాతది, తగ్గించండి" అనే మాటకన్నా "రెండు బాత్రూములు తవ్వాలి, దానికింత" అనే మాటకి విలువ ఎక్కువ. తుప్పు పగుళ్ళు, ఏటవాలు పగుళ్ళు ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించాకే ధర మాట్లాడాలి. అగ్రిమెంటులో యజమాని చేయించి ఇవ్వాల్సిన పనులు, బోరు, మోటారు, గీజర్లు, కప్‌బోర్డులు ఏవేవి ఇంటితోపాటు వస్తాయో, కరెంటు, నీటి, ఆస్తి పన్ను బకాయిలు ఎవరు కట్టాలో రాయించండి. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కొనేవారే పట్టుకుని కట్టాలి, ఆ సంగతి కూడా అగ్రిమెంటులోనే ఉంటే ఆఖరి రోజు లెక్క దగ్గర పేచీ రాదు. రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు ఇంకోసారి ఇంటికి వెళ్ళి, సామాను ఖాళీ చేసిన గదుల్లో బీరువాల వెనక గోడలు చూసి, మీటరు రీడింగు ఫొటో తీసుకోండి.